ఫోన్ కంపెనీ దగ్గర మనం ఏం కొంటున్నాం? సిమ్ తీసుకోవడం నుంచి నంబరుతో సహా మారడం దాకా

మా అమ్మ ఫోన్‌కి నాలుగు రోజుల పాటు ఎవరి కాలూ రాలేదు. తను చేస్తే అవతలివాళ్లకి చక్కగా వెళ్తోంది. సిగ్నల్ నిండుగా ఉంది, నెట్ కూడా వస్తోంది. కస్టమర్ కేర్ వాళ్లు మూడుసార్లు ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. తెలిసినవాళ్లు కంపెనీ మార్చేయమన్నారు. చివరికి ఫోన్‌లో *#21# నొక్కి చూస్తే, వచ్చే ప్రతి కాలూ ఎప్పుడో వాడి వదిలేసిన పాత నంబరుకి మళ్లిపోతోందని తేలింది. ##21# నొక్కాం. నిమిషంలో మొదటి కాల్ వచ్చింది.

ఆ నాలుగు రోజుల టెన్షన్ తర్వాత నేను ఒక పని మొదలుపెట్టాను. ఫోన్ కంపెనీ మన కోసం చేసే పనులేమిటో ఒక్కొక్కటిగా తెలుసుకుని, ఇంట్లో అందరికీ చెప్పడం. బిల్లు ఒక్కటే వస్తుంది గానీ దాని వెనక ఉన్నవి వేరువేరు సరుకులు: మీరుండే చోట సిగ్నల్, మీ నంబరు, డేటా, కాల్స్‌ని అటూ ఇటూ తిప్పే సేవలు, సమస్య వస్తే పలికే మనిషి. వీటిలో ఒకటి బాగున్నంత మాత్రాన మిగతావీ బాగుంటాయని లేదు. అందుకే వేటికవి విడిగా చూసుకోవాలి. సిమ్ తీసుకోవడం నుంచి కంపెనీ మారడం దాకా వరుసగా రాస్తున్నాను.

అడుగు 1: ఆ కంపెనీకి సొంత నెట్‌వర్క్ ఉందా?

ఫోన్ సేవలు అమ్మే కంపెనీలన్నీ ఒక రకం కావు. కొన్నిటికి ప్రభుత్వం దగ్గర తీసుకున్న సొంత స్పెక్ట్రమ్ (రేడియో తరంగాల వాటా), సొంత పరికరాలు ఉంటాయి. మరికొన్ని అలాంటి కంపెనీ దగ్గర టోకుగా నిమిషాలూ డేటా కొని తమ పేరుతో మనకి అమ్ముతాయి. వీటిని వర్చువల్ ఆపరేటర్లు అంటారు. సాధారణంగా వీటి ప్లాన్లు చవగ్గా, సులువుగా ఉంటాయి. అయితే టవర్ మీద రద్దీ పెరిగినప్పుడు సొంత కస్టమర్లకి ముందు, వీళ్లకి తర్వాత డేటా ఇచ్చే ఒప్పందాలు కొన్నిచోట్ల ఉంటాయి. కాబట్టి "మీరు ఎవరి నెట్‌వర్క్ మీద నడుస్తారు?" అని ముందే అడగండి. రెండు వేరు పేర్లున్న సిమ్‌లు ఒకే నెట్‌వర్క్ మీద నడుస్తుంటే, ఒకటి పనిచేయని మూల రెండోదీ పనిచేయదు. జాగ్రత్త కోసం రెండో సిమ్ తీసుకునేవాళ్లు ఈ సంగతి తప్పకుండా చూసుకోవాలి.

టవర్ కనిపించినంత మాత్రాన అది మీ కంపెనీదే అనుకోవద్దు. ఒకే టవర్ మీద రెండు మూడు కంపెనీల యాంటెన్నాలు ఉండటం మామూలే. మీ కంపెనీది దాని మీద లేకపోవచ్చు కూడా.

అడుగు 2: మీ వాడకం ఎంతో రాసుకోండి

ఫోన్ సెట్టింగ్స్‌లో నెలకి ఎంత మొబైల్ డేటా వాడారో ఉంటుంది. వైఫై వాడకాన్ని కలపకుండా చూడండి. మూడు నెలల లెక్క తీసి అందులో ఎక్కువదాన్ని పట్టుకోండి. కాల్స్ ఎన్ని నిమిషాలు, విదేశాలకి ఎన్ని అన్నది పాత బిల్లులో గానీ కంపెనీ యాప్‌లో గానీ దొరుకుతుంది. ఇంతే.

అడుగు 3: మీరు ఉండే చోటే పరీక్షించండి

నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే ముఖ్యం. చాలామంది దాటేసేదీ ఇదే. కంపెనీ చూపించే కవరేజీ మ్యాప్‌ని ఎక్కువగా కంప్యూటర్ లెక్కలతో వేస్తారు. అది ఆరుబయట పరిస్థితి చెబుతుంది గానీ మీ పడకగది గురించి దానికేం తెలియదు.

రేడియో తరంగాల స్వభావం కాస్త తెలిస్తే కారణం అర్థమవుతుంది. 700, 800, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు చాలా దూరం పోతాయి, గోడల్ని బాగా దాటుతాయి. కానీ వాటిలో చోటు తక్కువ, కాబట్టి వేగమూ తక్కువే. 5జీకి విరివిగా వాడే 3500 మెగాహెర్ట్జ్ దగ్గర చోటు ఎక్కువ, వేగం ఎక్కువ. గోడ అడ్డొస్తే మాత్రం నీరసపడిపోతుంది. వీధిలో 5జీ పరుగులు పెడుతూ ఇంట్లో అడుగుపెట్టగానే 4జీకి పడిపోవడం ఇందుకే. మీ ఫోన్ పాడవలేదు.

తెర మీద కనిపించే గీతల్ని నమ్మకండి. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపాలన్న ఉమ్మడి నియమం ఏదీ లేదు. ఒక ఫోన్ నాలుగు చూపించే చోట మరొకటి రెండు చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో సిమ్ వివరాల దగ్గర గానీ, ఉచితంగా దొరికే యాప్‌లలో గానీ సిగ్నల్ బలాన్ని చెప్పే డీబీఎమ్ అనే అంకె చూడండి. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో సుమారుగా మైనస్ 85 అంటే చాలా బాగుంది, మైనస్ 100 అంటే సర్దుకోవచ్చు, మైనస్ 115 దాటితే కాల్స్ తెగుతాయి. పది అంకెల తేడా చిన్నదేం కాదు. మైనస్ 100 దగ్గర అందే శక్తి, మైనస్ 90 దగ్గర అందేదాంట్లో పదో వంతు మాత్రమే.

ఇక పరీక్ష. మీరు తీసుకోవాలనుకునే కంపెనీ సిమ్ ఉన్న స్నేహితుణ్ణి ఇంటికి పిలవండి, లేదా తక్కువ రోజుల ప్రీపెయిడ్ సిమ్ కొనండి. కొన్ని కంపెనీలు ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) ద్వారా కొద్ది రోజులు ఉచితంగా వాడి చూడనిస్తాయి. ఇంట్లో ప్రతి గదిలో, పనిచేసే చోట, రోజూ వెళ్లే దారిలో కాల్ చేసి చూడండి. పగలు ఒకసారి, రాత్రి భోజనాల తర్వాత ఒకసారి వేగం కొలవండి. అందరూ వీడియోలు చూసే ఆ సమయంలో డీబీఎమ్ మారకుండానే వేగం పడిపోతే సమస్య సిగ్నల్‌ది కాదు, ఆ టవర్ మీద జనం ఎక్కువయ్యారు. ఫోన్ మార్చినా, కిటికీ దగ్గర నిలబడినా అది తీరదు.

మీ హ్యాండ్‌సెట్ ఆ కంపెనీ వాడే బ్యాండ్లన్నిటినీ, అంటే ఫ్రీక్వెన్సీలన్నిటినీ, అందుకోగలదో లేదో కూడా చూడాలి. వేరే దేశంలో కొన్న ఫోన్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. దీనితో పాటు వోల్టీ సంగతి అడగండి. వోల్టీ అంటే 4జీ మీదుగానే మాట కూడా వెళ్లడం. అది లేని ఫోన్ కాల్ వచ్చినప్పుడల్లా 3జీకో 2జీకో దిగిపోతుంది. చాలా దేశాల్లో ఆ పాత నెట్‌వర్క్‌లని మూసేస్తున్నారు. జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో 2012లోనే 2జీ ఆపేసింది. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది. అలాంటి చోట వోల్టీ పనిచేయని ఫోన్‌లో నెట్ వస్తుంది గానీ కాల్స్ వెళ్లవు. ఫోన్‌లో వోల్టీ సదుపాయం ఉన్నా ఆ మోడల్‌ని కంపెనీ అనుమతించాలి, కాబట్టి మోడల్ పేరు చెప్పి మరీ అడగండి.

ఇల్లు మందపాటి గోడలదైతే వైఫై కాలింగ్ ఉందో లేదో కనుక్కోండి. టవర్ సిగ్నల్ అందని గదిలో మీ ఇంటి వైఫై మీదుగా అదే నంబరుతో కాల్స్ వస్తాయి, పోతాయి. సెట్టింగ్స్‌లో ఒక్క స్విచ్. ఇది ఉందని తెలియక ఏళ్ల తరబడి బాల్కనీలో నిలబడి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఒక జాగ్రత్త: అత్యవసర నంబరుకి వైఫై మీదుగా చేస్తే మీరున్న చోటు వాళ్లకి సరిగ్గా తెలియకపోవచ్చు. ముందు చిరునామా చెప్పండి.

అడుగు 4: ప్లాన్‌లో చిన్న అక్షరాలు చదవండి

ప్రీపెయిడ్ అంటే ముందు కట్టి వాడటం, పోస్ట్‌పెయిడ్ అంటే వాడి తర్వాత కట్టడం. ఖర్చు చేయి దాటకూడదనుకుంటే ప్రీపెయిడ్ నయం. ఒకే బిల్లు మీద ఇంటిల్లిపాదీ ఉండాలంటే, తరచూ విదేశాలకి వెళ్తుంటే పోస్ట్‌పెయిడ్ సుఖం. అలా తీసుకుంటే ఖర్చుకి పరిమితి పెట్టమని మొదటి రోజే అడగండి.

నెల ప్లాన్ అన్నది నిజంగా నెలేనా చూడండి. 28 రోజులదైతే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు కట్టాలి. రెండు ప్లాన్లని పోల్చేటప్పుడు ఒక్క రోజుకి ఎంత పడుతుందో లెక్కేయడమే సరైన పద్ధతి.

"అన్‌లిమిటెడ్" అన్న మాట పక్కన నక్షత్రం గుర్తు ఉంటే దాని వివరణ వెతకండి. ఫలానా జీబీ దాటాక వేగం తగ్గిస్తామని ఉంటుంది. ఎంతకి తగ్గిస్తారన్నదే అసలు ప్రశ్న. 64 కేబీపీఎస్‌కి తగ్గిస్తే 2 ఎంబీ ఫోటో ఒక్కటి వెళ్లడానికి 250 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పైనే పడుతుంది. డేటా ఆగలేదని వాళ్లు చెప్పేది నిజమే గానీ దాంతో ఏ పనీ జరగదు. అదే 1 ఎంబీపీఎస్‌కి తగ్గిస్తే మెసేజ్‌లు, ఫోటోలు నడిచిపోతాయి.

ఎంబీపీఎస్‌కీ ఎంబీకీ తేడా కూడా ఇక్కడే చెప్పాలి. కంపెనీ చెప్పేది బిట్లలో, మన ఫైళ్లు ఉండేది బైట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకి గరిష్ఠంగా దిగేది 12.5 ఎంబీ. 1 జీబీ ఫైలుకి 80 సెకన్లు. దీన్ని మోసమనుకుని గొడవపడేవాళ్లున్నారు. మోసం కాదు, కొలత వేరు.

తెలుగులో ఎస్సెమ్మెస్ పంపేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. మొదటి ఎస్సెమ్మెస్ 1992 డిసెంబర్ 3న వెళ్లింది. అప్పటి కొలతే ఇప్పటికీ నడుస్తోంది: ఒక మెసేజ్‌కి 140 బైట్లు. ఇంగ్లిష్‌లో రాస్తే అందులో 160 అక్షరాలు పడతాయి. తెలుగు లిపిలో ఒక్క అక్షరం వాడినా ఆ మెసేజ్ మొత్తం 70కి కుదించుకుపోతుంది. పైగా ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం, ఫోన్ లెక్కలో ఆరు. రెండు వరుసల తెలుగు మెసేజ్ రెండు మూడు మెసేజ్‌లుగా కత్తిరించుకుని వెళ్లి, అన్నిటికీ డబ్బు పడవచ్చు. మీ ప్లాన్‌లో ఎస్సెమ్మెస్‌లకి పరిమితి ఉంటే ఇది గుర్తుంచుకోండి.

అడుగు 5: ఇంటి కనెక్షన్

పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌లో ఒక గొప్ప గుణం ఉంది. ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 48 వోల్టుల కరెంటు ఆ తీగలోనే వస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగుతుంది. ఫైబర్‌లో వెళ్లేది వెలుతురు కాబట్టి ఆ సదుపాయం లేదు. ఫైబర్‌కి మారేటప్పుడు గోడకి బిగించే పెట్టె, రూటర్, ఈ రెండిటికీ చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు గానీ, ల్యాండ్‌లైన్‌కి కలిపిన అలారం గానీ ఉంటే ఇది తప్పనిసరి.

వేగం విషయంలో మాత్రం ఫైబర్‌కి సాటి లేదు. రాగి తీగ మీద వచ్చే ఇంటర్నెట్, అంటే డీఎస్ఎల్, ఎక్స్ఛేంజ్ నుంచి రెండు మూడు కిలోమీటర్లు దాటితే బాగా మందగిస్తుంది. ఫైబర్‌కి ఆ బాధ లేదు. అయినా అదీ పంచుకునేదే. ఇళ్లకి ఇచ్చే సాధారణ జీపాన్ పద్ధతిలో దాదాపు 2.5 గిగాబిట్ల లైన్‌ని 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. 32 ఇళ్లూ ఒక్కసారిగా లాగితే తలా 78 ఎంబీపీఎస్. అందరూ ఒకేసారి లాగరు కాబట్టి సాఫీగా నడుస్తుంది.

కనెక్షన్ తీసుకునే ముందు ఈ నాలుగూ అడగండి: అప్‌లోడ్ వేగం ఎంత, రూటర్ మనదా వాళ్లదా, ఎన్నాళ్లు కట్టుబడి ఉండాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి. పని ఇంటి నుంచే చేసేవాళ్లకి అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్ కన్నా ముఖ్యం కావచ్చు. బిగించిన రోజు కంప్యూటర్‌ని నేరుగా కేబుల్‌తో రూటర్‌కి కలిపి వేగం కొలవండి. కేబుల్ మీద బాగుండి వైఫైలో తగ్గితే కంపెనీని అనాల్సిన పని లేదు, రూటర్ పెట్టిన చోటు మార్చాలి.

అడుగు 6: సిమ్ చేతికొచ్చిన రోజు

*#06# నొక్కితే తెర మీద 15 అంకెల ఐఎంఈఐ, అంటే మీ ఫోన్ గుర్తింపు నంబరు, వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు వస్తాయి. కాగితం మీద రాసి ఫోన్‌కి దూరంగా దాచండి. ఫోన్ పోతే ఫిర్యాదుకి ఇదే ఆధారం.

తర్వాత సిమ్ పిన్ పెట్టండి. ఫోన్ తాళం వేరు, సిమ్ తాళం వేరు. సిమ్ పిన్ లేకపోతే దొంగ మీ సిమ్ తీసి తన ఫోన్‌లో పెట్టుకుని మీ బ్యాంకు ఓటీపీలు చదివేస్తాడు. పెట్టేముందు కంపెనీ ఇచ్చిన మొదటి పిన్ తెలుసుకోండి, ఊహించి నొక్కకండి. మూడుసార్లు తప్పితే సిమ్ లాక్ అయి, ఆ తాళం తీసే పీయూకే అనే కోడ్ అడుగుతుంది. పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ శాశ్వతంగా పనికిరాదు. సిమ్ వచ్చిన కార్డు మీద పీయూకే ఉంటే దాచుకోండి.

ఈసిమ్ అయితే తీసి దొంగిలించే వీలు లేదు. కానీ ఫోన్ పగిలిపోతే గబుక్కున వేరే ఫోన్‌లోకి మార్చడం అన్ని కంపెనీల దగ్గరా తేలిక కాదు. ఎలా మారుస్తారో ముందే కనుక్కోండి.

సిగ్నల్ బాగుండే చోట ఉన్నట్టుండి నెట్‌వర్క్ పూర్తిగా పోయి, ఫోన్ ఆపి ఆన్ చేసినా రాకపోతే నిర్లక్ష్యం చేయవద్దు. మీ పేరు చెప్పి ఎవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండవచ్చు. వెంటనే వేరే ఫోన్ నుంచి కంపెనీకి, ఆ తర్వాత బ్యాంకుకి చేయండి. ముఖ్యమైన ఖాతాలకి వీలైన చోటల్లా ఎస్సెమ్మెస్ ఓటీపీ బదులు, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ వాడండి.

అడుగు 7: కాల్స్‌ని మళ్లించే సేవలు

మనుషులు కాల్స్ కలిపే రోజుల్లో ఆల్మన్ స్ట్రోజర్ అనే అంత్యక్రియల వ్యాపారి అమెరికాలో ఉండేవాడు. తన గిరాకీని ఆపరేటర్ పోటీదారుకి మళ్లిస్తోందని అనుమానపడి, మనిషి లేకుండా కాల్ కలిపే స్విచ్ తయారుచేశాడని చెబుతారు. దాని పేటెంట్ 1891లో వచ్చింది. ఇప్పుడు మళ్లింపు మన చేతిలోనే ఉంది, అదీ నాలుగు రకాలుగా. అన్ని కాల్స్ మళ్లించడానికి కోడ్ 21, ఎత్తకపోతే 61, ఫోన్ అందుబాటులో లేకపోతే 62, బిజీగా ఉంటే 67.

వాడే తీరు ఒకటే. మళ్లించడానికి **61* తర్వాత నంబరు, చివర #. ఏముందో చూడటానికి *#61#. తీసేయడానికి ##61#. మిగతా మూడిటికీ 61 బదులు ఆ అంకె వేస్తే సరి. అన్నీ ఒక్కసారే తీసేయాలంటే ##002#. దీనితో వాయిస్‌మెయిల్ (మీరు ఎత్తనప్పుడు అవతలివాళ్ల మాటల్ని రికార్డు చేసే సేవ) కూడా ఆగిపోతుంది, ఎందుకంటే వాయిస్‌మెయిల్ కూడా ఒక మళ్లింపే. కావాలంటే కంపెనీని అడిగి మళ్లీ పెట్టించుకోవాలి. ఒక కాల్‌లో ఉండగా రెండోది వినిపించడానికి *43#, వద్దంటే #43#. ఇవి జీఎస్ఎమ్ అనే మొబైల్ నెట్‌వర్క్‌ల ఉమ్మడి ప్రమాణంలో ఉన్నవి కాబట్టి చాలా నెట్‌వర్క్‌ల మీద పనిచేస్తాయి. పనిచేయకపోతే కంపెనీ యాప్‌లో అదే సదుపాయం వెతకండి.

మళ్లించిన కాల్ ఖర్చు మళ్లించిన మనిషిదే, అంటే మీదే. ఇంకో హెచ్చరిక కూడా మనసులో పెట్టుకోండి. ఎవరైనా ఫోన్ చేసి, కంపెనీ నుంచే అని చెప్పి, నక్షత్రంతో మొదలయ్యే కోడ్, దాని వెనక ఒక నంబరు నొక్కమంటే నొక్కకండి. మీ కాల్స్, కాల్ ద్వారా వచ్చే ఓటీపీలు వాడి చేతికి వెళ్లిపోతాయి. నెలకోసారి *#21# చూసుకోవడం నాకిప్పుడు అలవాటు. అమ్మ ఫోన్‌లో కూడా.

అడుగు 8: దేశం దాటేటప్పుడు

కాంటాక్ట్స్‌లో నంబర్లన్నీ ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో సేవ్ చేసుకోండి. అంతర్జాతీయ నంబరుకి ఐటీయూ (ఐక్యరాజ్య సమితి టెలికాం సంస్థ) ప్రమాణం ప్రకారం దేశం కోడ్‌తో కలిపి గరిష్ఠంగా 15 అంకెలు. అలా సేవ్ చేసినవి ఏ దేశంలో ఉన్నా పనిచేస్తాయి.

రోమింగ్ ప్యాక్ వేయించుకోకపోతే బయలుదేరే ముందే డేటా రోమింగ్ ఆపేయండి. విమానంలో, ఓడలో ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి. అక్కడి నెట్‌వర్క్‌లు ఉపగ్రహాల మీదుగా నడుస్తాయి, చాలా రోమింగ్ ప్యాక్‌లు వాటికి వర్తించవు. సరిహద్దు ఊళ్లలో పక్క దేశం టవర్‌ని ఫోన్ తనంతట తానే పట్టుకుంటుంది. అలాంటి చోట నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చండి. వాయిస్‌మెయిల్ కూడా ఆపుకుని వెళ్లడం మంచిది. మీరు ఎత్తని కాల్ మీ దాకా వచ్చి, తిరిగి స్వదేశం వాయిస్‌మెయిల్‌కి వెళ్తే కొన్ని నెట్‌వర్క్‌లలో రెండు వైపులా ఖర్చు పడుతుంది. అక్కడి సిమ్‌ని డేటాకి పెట్టుకుని, మీ సిమ్‌ని డేటా లేకుండా ఓటీపీల కోసం ఉంచుకోవడం సుఖమైన ఏర్పాటు.

అడుగు 9: ఫిర్యాదు చేసేముందు

మీ సిమ్‌ని వేరే ఫోన్‌లో, వేరే కంపెనీ సిమ్‌ని మీ ఫోన్‌లో పెట్టి చూడండి. ఈ రెండు పరీక్షలతో తప్పు ఫోన్‌దా, సిమ్‌దా, నెట్‌వర్క్‌దా తేలుతుంది. అప్పుడు ఫోన్ చేసి "ఫలానా తేదీ, ఫలానా సమయం, ఈ చోట, సిమ్ రెండు ఫోన్లలో చూశాను" అని చెబితే, ఆపి ఆన్ చేయమనే మొదటి మెట్టు దాటి నేరుగా సాంకేతిక విభాగానికి వెళ్తారు. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా ఫోన్ పెట్టవద్దు. వీలైతే రాతలో, యాప్‌లోనో ఈమెయిల్‌లోనో పెట్టండి. గడువు దాటినా తేలకపోతే కంపెనీలోనే పై స్థాయి అప్పీలు, ఆ తర్వాత మీ దేశపు టెలికాం నియంత్రణ సంస్థ లేదా అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు పరిష్కరించే స్వతంత్ర అధికారి). వాళ్లు మొదట అడిగేది ఆ ఫిర్యాదు నంబరే.

అడుగు 10: నంబరుతో సహా మారడం

నంబరు మార్చకుండా కంపెనీ మారే సదుపాయం మొబైల్‌కి మొదట 1997లో సింగపూర్‌లో వచ్చింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఇందులో చేయకూడని తప్పు ఒక్కటే: కొత్తది రాకముందే పాతదాన్ని రద్దు చేయడం. రద్దయితే తీసుకెళ్లడానికి నంబరే ఉండదు. పాత కంపెనీ నుంచి కోడ్ తీసుకోవాలో, కొత్త కంపెనీయే అంతా చూసుకుంటుందో అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కానీ ఎక్కడైనా పాత కనెక్షన్ చివరి నిమిషం దాకా నడుస్తూ ఉండాలి.

ముందుగా బకాయిలు కట్టేయండి. పేరు, పుట్టిన తేదీ రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో చూడండి, తిరస్కరణలకి ఇదొక మామూలు కారణం. ఫోన్ పాత కంపెనీకి లాక్ అయి ఉంటే విడిపించుకోండి. సిమ్ మీద సేవ్ చేసిన కాంటాక్ట్స్‌ని ఫోన్‌లోకి తెచ్చుకోండి. వాయిస్‌మెయిల్‌లో దాచుకున్న గొంతులు ఏవైనా ఉంటే రికార్డు చేసి ఉంచండి, మారాక అవి దొరకవు. ప్రీపెయిడ్ బ్యాలెన్స్ సాధారణంగా పోతుంది కాబట్టి వాడేసుకోండి. కంపెనీ ఇచ్చిన ఈమెయిల్ ఐడీ వాడుతుంటే వేరేది పెట్టుకోండి. మారే రోజు కొన్ని గంటలు ఓటీపీలు రాకపోవచ్చు, కాబట్టి బ్యాంకు పని, ప్రయాణం లేని రోజు ఎంచుకోండి.

నంబరు తీసుకెళ్లకుండా వదిలేస్తుంటే మాత్రం ఇంకో పని ఉంది. వదిలేసిన నంబరుని కంపెనీ కొంతకాలం తర్వాత మరొకరికి ఇస్తుంది. బ్యాంకు, ఈమెయిల్, మెసేజింగ్ యాప్‌లు, ఇలా ఆ నంబరు ఇచ్చిన ప్రతి చోటా ముందే మార్చండి. లేకపోతే మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి.

కొత్త సిమ్‌లో సిగ్నల్ రాగానే ఒక కాల్ చేయండి, ఒకటి చేయించుకోండి, ఎస్సెమ్మెస్ అటూ ఇటూ పంపండి, వైఫై ఆపి నెట్ చూడండి, *#21# నొక్కండి. బ్యాంకు నుంచి ఒక ఓటీపీ వచ్చేదాకా ఆగి, అప్పుడు పాత సిమ్‌ని కత్తెరతో చిప్ మధ్యలోకి కత్తిరించి పారేయండి.